65వ జాతీయ రహదారి మీద లారీల లెక్క: మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది, ఏ వర్గీకరణ పట్టుకోవాలి?

కోదాడ_డేటా (ప్రశ్న)

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక రోడ్ కన్సల్టెన్సీలో డేటా పని చేస్తున్నాను. సివిల్ చదివాను గానీ ట్రాఫిక్ లెక్కలు చేతికి రావడం ఇదే మొదలు. సూర్యాపేటకీ కోదాడకీ మధ్య తిరిగే వాణిజ్య వాహనాలన్నిటినీ ఒకే పట్టికలోకి తెమ్మన్నారు. నా దగ్గరున్నవి మూడు: టోల్‌ప్లాజా ఫాస్టాగ్ డేటా, రోడ్డు పక్కన కూర్చుని కుర్రాళ్లు వారం పాటు రాత్రీ పగలూ రాసిన షీట్లు, ఆర్టీవో రిజిస్ట్రేషన్ల జాబితా. ఏ రెండూ ఒకదానితో ఒకటి కలవట్లేదు.

టాటా ఏస్‌నే తీసుకోండి. టోల్ డేటాలో అది 20వ క్లాసు, కట్టేది కారు రుసుమే. కుర్రాళ్ల షీట్లో ‘ఎల్‌సీవీ’ (తేలికపాటి వాణిజ్య వాహనం) గడిలో పడింది, అదే గడిలో డీసీఎం వ్యాన్లు కూడా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ జాబితాలో తేలికపాటి సరుకు వాహనం. ఇంకా, టోల్ వాళ్లకి రెండు యాక్సిళ్ల (ఇరుసుల) లారీ, ఆర్టీసీ బస్సు రెండూ 7వ క్లాసే. నాకు బస్సులు విడిగా కావాలి. ట్రాక్టర్లకు టోల్ లేదు కాబట్టి ఆ డేటాలో అవి లేనే లేవు, షీట్లలో చూస్తే బోలెడు.

అన్నిటికన్నా తిప్పలు పెడుతున్నది వేరే ఉంది. హైదరాబాద్ వైపు పోయే లైన్లో నాలుగు యాక్సిళ్ల లారీలు ఎక్కువ, విజయవాడ వైపు వచ్చే లైన్లో తక్కువ. మూడు యాక్సిళ్లవి సరిగ్గా దానికి తిరగబడి ఉన్నాయి. రెండూ కలిపి చూస్తే వారం మొత్తానికి అటూ ఇటూ దాదాపు సమానమే. రాత్రిపూట కుర్రాళ్లు నిద్రమత్తులో తప్పు రాశారేమో అనుకున్నాను. మా సార్ అయితే “రెండు వైపులా సగటు తీసి ముందుకు పో” అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు.

ఇంకో చిన్న ప్రశ్న. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో అమెరికా ఫెడరల్ హైవే వాళ్ల 13 క్లాసుల పట్టిక సిద్ధంగా ఉంది. మొత్తం డేటాని అందులో పోసేస్తే పని తొందరగా అయిపోతుంది. ఎవరైనా అలా చేశారా?

---

రోడ్డుపక్క_టెంటు

తమ్ముడూ, ముందు ఆ సగటు ఆపు. కుర్రాళ్లు తప్పు రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాశారు, వాళ్ల మీద అనుమానం పెట్టుకోకు.

నువ్వు చూస్తున్నది లిఫ్ట్ యాక్సిల్. ఇప్పుడొచ్చే 14 టైర్ల లారీల్లో చాలావాటికి, 12 టైర్ల వాటిలో కొన్నిటికి, ఒక యాక్సిల్‌ని నేలకు తగలకుండా పైకి ఎత్తేసే ఏర్పాటు ఉంటుంది. లోడు ఉన్నప్పుడు దించుతారు, ఖాళీగా వస్తున్నప్పుడు ఎత్తేస్తారు. నీ రోడ్డు ఏ ఊళ్లకి దగ్గరగా పోతుందో ఒకసారి చూడు. మేళ్లచెరువు, హుజూర్‌నగర్, ఆ పక్క జగ్గయ్యపేట, అంతా సిమెంటు ఫ్యాక్టరీలు. సిమెంటు నిండా పోసుకుని హైదరాబాద్ పోతాయి, ఖాళీగా తిరిగొస్తాయి. పొద్దున నాలుగు యాక్సిళ్ల మీద పోయిన బండే సాయంత్రానికి మూడు యాక్సిళ్ల మీద వస్తుంది. నేలకు తగిలిన టైర్లను బట్టి రాసిన కుర్రాడు రెండుసార్లూ నిజమే రాశాడు. రోడ్డులో గొట్టమో సెన్సరో వేసి లెక్కించినా ఇదే వస్తుంది.

దీన్ని నా మాట మీద నమ్మక్కర్లేదు, నీ దగ్గరున్న డేటాతోనే తేల్చుకోవచ్చు. టోల్ లావాదేవీల్లో రెండు క్లాసులుంటాయి. ఒకటి ట్యాగు క్లాసు, అంటే ఆర్సీ చూసి బ్యాంకు ట్యాగు ఇచ్చినప్పుడు పడ్డది. రెండోది ఏవీసీ క్లాసు, అంటే లేన్లో ఆ బండి దాటుతుంటే యంత్రం స్వయంగా యాక్సిళ్లు లెక్కపెట్టి వేసింది. మీకు వచ్చిన ఫైల్లో బహుశా ట్యాగు క్లాసు ఒక్కటే ఇచ్చి ఉంటారు. రెండోది కూడా అడుగు. ట్యాగు క్లాసు ప్రకారం అటూ ఇటూ సమానంగా ఉండి, ఏవీసీ ప్రకారం మాత్రం హైదరాబాద్ వైపు 12వ క్లాసు, ఇటు 6వ క్లాసు ఎక్కువైతే ఇక అనుమానం అక్కర్లేదు. 14 టైర్లవి ఇందులో దొరకవు, జాగ్రత్త. అవి అయిదు నుంచి నాలుగుకి దిగినా టోల్ లెక్కలో నాలుగు నుంచి ఆరు యాక్సిళ్ల దాకా అన్నీ 12వ క్లాసే.

సగటు ఎందుకు వద్దన్నానో చెప్తాను, నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. రోడ్డు మందం లెక్కలో బండ్ల సంఖ్యకన్నా యాక్సిల్ మీద బరువే తేలుస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల రోడ్డు మందం కోడు ఐఆర్‌సీ 37లో ప్రామాణిక యాక్సిల్ అంటే 80 కిలోన్యూటన్లు, సుమారు 8.16 టన్నులు. బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నాలుగు టైర్లున్న సింగిల్ యాక్సిల్‌కి చట్టం ఒప్పుకున్న బరువు 2018 జూలై దాకా 10.2 టన్నులు. దాన్ని 8.16తో భాగించి నాలుగో ఘాతం వేస్తే 2.44 వస్తుంది. 2018లో కేంద్రం ఆ పరిమితిని 11.5 టన్నులు చేసింది. ఇప్పుడు అదే లెక్క 3.95 దగ్గర తేలుతుంది. బరువు పెరిగింది ఎనిమిదో వంతు, రోడ్డు మీద దెబ్బ పెరిగింది సగానికి పైగా. ఇదంతా చట్టం లోపలే, ఓవర్‌లోడు మాట ఇంకా ఎత్తలేదు. అందుకే 2018కి ముందు చేసిన యాక్సిల్ లోడు సర్వే (బండ్లను ఆపి యాక్సిల్ బరువు తూచేది) నుంచి నష్ట గుణకాలు, అంటే ఒక్కో రకం బండి ఎన్ని ప్రామాణిక యాక్సిళ్లతో సమానమో చెప్పే అంకెలు, తెచ్చి ఇందులో పెట్టమంటే ఒప్పుకోకు.

నిండు లారీల వైపునీ ఖాళీ లారీల వైపునీ కలిపి సగటు తీస్తే, నిండుగా పోయే వైపు రోడ్డు పల్చబడుతుంది. ఎడమ లేను గాడులు పడి, పగుళ్లు వచ్చి, అయిదారేళ్లకే అతుకులు పడిన రోడ్లు మనందరం చూస్తున్నాం. గాడిలో నీళ్లు నిలిచి బైకుల వాళ్లు జారిపడేది అక్కడే. రెండు క్యారేజ్‌వేలు, అంటే పోను ఒకటి రాను ఒకటి విడి దారులు, ఉన్న రోడ్డుకి ఏ వైపుది ఆ వైపు లెక్కగట్టుకోవచ్చని కోడే చెప్తోంది. మీ సార్‌కి ఆ పేరా చూపించు.

ఇక టాటా ఏస్. దాన్ని ఎందులో పెట్టాలన్నది ఆ పట్టిక దేనికోసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. రోడ్డు మందం కోసమైతే ఎందులోనూ పెట్టొద్దు. మొత్తం బరువు 3 టన్నులకు తక్కువున్న బండిని ఐఆర్‌సీ 37 లెక్కలోకే తీసుకోదు. పక్కకి ఒక్కో టైరు ఉన్న యాక్సిల్‌కి ప్రామాణికం 65 కిలోన్యూటన్లు. ఆ లెక్కన ఒక టన్ను మోసే ఏస్ వెనక యాక్సిల్ సుమారు 1,900 సార్లు దాటితే ఒక ప్రామాణిక యాక్సిల్ ఒక్కసారి దాటినట్టు. బొలెరో పికప్పులు మోడల్‌ని బట్టి ఆ 3 టన్నుల గీతకి అటూ ఇటూ ఉంటాయి, వాటిని ఏస్‌లతో కలపకుండా విడిగా ఉంచుకో. రోడ్డు వెడల్పు కోసమైతే మాత్రం ఏస్ ఉండి తీరాలి. అక్కడ బరువుతో పని లేదు, ఎంత చోటు ఆక్రమిస్తుంది, ఎంత నెమ్మదిగా పోతుంది అన్నదే. ఆ లెక్కకి ఉన్న ఐఆర్‌సీ 64లో కారు 1 అయితే ఎల్‌సీవీ 1.5, లారీ బస్సు 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు 4.5. పెద్ద ట్రైలర్ లారీకీ అదే 4.5. టోల్ డేటా ఒక్కటే నమ్ముకుంటే ఆ ట్రాక్టర్లన్నీ జారిపోతాయి, పొలాల మధ్య రోడ్డుకి అది చిన్న విషయం కాదు.

ఎల్‌సీవీ అన్న గడి మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచు. మోటారు వాహనాల చట్టం 7,500 కిలోల దగ్గర ఒక గీత, 12,000 దగ్గర ఇంకో గీత గీసింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో సరుకు బండ్లకి ఎన్1, ఎన్2, ఎన్3 అని వర్గాలున్నాయి, వాటి గీతలు 3.5 టన్నుల దగ్గర, 12 టన్నుల దగ్గర. 2008 నాటి టోల్ రుసుము నియమాల్లో ఎల్‌సీవీ అంటే 7,500 దాటి 12,000 లోపు. తయారీదారుల అమ్మకాల లెక్కల్లో ఎల్‌సీవీ అంటే 7.5 టన్నుల లోపు. ఒకరి ఎల్‌సీవీ ఆగినచోట ఇంకొకరిది మొదలవుతోంది. అంచేత మూడు ఫైళ్లనీ ఆ గడి పేరుతో కలపకు. రిజిస్ట్రేషన్ జాబితాలో మొత్తం బరువు కాలమ్ ఉంటుంది, ఆ అంకెను అలాగే ఉంచుకుని గీతలు చివర్లో గీసుకో.

అమెరికా పట్టిక మాత్రం వద్దు. అక్కడ రోడ్ల మీద ఎక్కువగా పోయేవి అయిదు యాక్సిళ్ల ట్రైలర్లు, అంటే 9వ క్లాసు. దాని చుట్టూ అల్లుకున్న వర్గీకరణ అది. మన దగ్గర బరువంతా మోసేవి ట్రైలర్ లేని ఒంటి చాసిస్ లారీలు. 12, 14, 16 టైర్లవన్నీ వాళ్ల 7వ క్లాసు ఒక్కదాన్లో కూరుకుపోతాయి. నీకు విడిగా కావలసినవే అవి.

---

ఆటోనగర్_బాబాయ్

మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజమండీ. నాకు విజయవాడ ఆటోనగర్‌లో రెండు లారీలు, ఒకటి 14 టైర్లది. క్యాబిన్లో స్విచ్చి ఉంటుంది, నొక్కితే గాలి బెలూన్లు ఆ యాక్సిల్‌ని ఎత్తేస్తాయి. ఖాళీ బండికి రెండు టైర్లు ఊరికే అరగడం దేనికి, డీజిలు దండగ. ఏ డ్రైవరైనా ఎత్తేసే వస్తాడు.

రోడ్డు పక్కన కూర్చుని రాసే అబ్బాయిలకి ఒక మాట చెప్పండి. ఎత్తిన టైరు తిరగదు. బండి పోతుంటే మిగతా టైర్లన్నీ తిరుగుతుంటాయి, అదొక్కటి ఆగి ఉంటుంది, కింద జానెడు సందు కనపడుతుంది. పగలైతే పొరబడే పనే లేదు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో కష్టమే, అందుకని టెంటుని ఏదైనా ధాబా లైటు పడేచోటో స్పీడ్ బ్రేకరు దగ్గరో వేసుకోమనండి. బండి నెమ్మదిస్తుంది, టైర్లు లెక్కకి అందుతాయి.

లోడు ఉందా లేదా అన్నది కూడా రాయించండి. టార్పాలిన్ కట్టి ఉంటే నిండుగా ఉందని మావాళ్లు కూడా అనుకుంటారు గానీ అది సాక్ష్యం కాదు, వానకి ఖాళీ బండికీ కడతాం. కమాన్ కట్టలు, అంటే యాక్సిల్ దగ్గరుండే స్ప్రింగు పట్టీలు చూడాలి. లోడు పడితే కట్టలు చదునుగా అయిపోతాయి, ఖాళీ అయితే వంపు తిరిగి ఉంటాయి. సిమెంటు బల్కర్లకి (సంచులు లేకుండా పొడి సిమెంటు మోసే మూసిన ట్యాంకు బండ్లు) పైనుంచి ఏమీ తెలియదు, వాటికి టైరు నేలకి ఆనిన దగ్గర ఉబ్బు చూడండి. చప్పుడు కూడా చెప్తుంది, ఖాళీ బండి గుంటలో పడితే బాడీ అంతా గలగలమంటుంది.

రిజిస్ట్రేషన్ జాబితా గురించి ఒకటి. మా పాత పది టైర్ల బండి ఆర్సీలో 25 టన్నులని ఉంది. 2018 తర్వాత కొన్నవాళ్లకి అదే మూడు యాక్సిళ్ల బండికి 28.5 దాకా పాసింగ్. ఆరు టైర్ల లారీకి 16.2 ఉండేది, 18.5 అయింది. మీరు బరువుని బట్టి గడులు చేస్తే ఒకే రకం బండి రెండు గడుల్లో పడుతుంది. బరువు పక్కన బండి కొన్న సంవత్సరం కూడా పెట్టుకోండి.

ఇంకొక్కటి. పసుపు నంబరు ప్లేటు ఉన్నవే కమర్షియల్ అని కెమెరాతో ఏరుతుంటారు. ఇప్పుడు కరెంటు ఆటో ట్రాలీలకి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. ఇటుకలు తోలే ట్రాక్టర్లు వ్యవసాయం కింద రిజిస్టరై తెల్ల ప్లేటుతో తిరుగుతాయి. రెండూ మీ లెక్కలోంచి పోతాయి.

---

కోదాడ_డేటా

అక్కా, బాబాయ్ గారూ, మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఏవీసీ కాలమ్ అడిగాను, వచ్చింది. అక్క చెప్పినట్టే ఉంది. ట్యాగు క్లాసు ప్రకారం రెండు వైపులా దగ్గర దగ్గర, ఏవీసీ ప్రకారం 12కీ 6కీ మధ్య అటూ ఇటూ మారుతోంది. మా సార్‌కి చూపించాను, ఆయన కుర్చీ దగ్గరకి లాక్కుని మొత్తం ఫైలు తిరగేశారు. వైపుల వారీగా విడిగా చేయమన్నారు. ఇంకో వారం షీట్లు రాయించడానికీ ఒప్పుకున్నారు. కాబట్టి ఆ షీట్లో ఏ కాలమ్‌లు పెట్టాలో కాస్త చెప్పండి. గడుల పేర్లు మళ్లీ పాతవే పెడితే మళ్లీ ఇక్కడికే వస్తాను.

బస్సుల సంగతి కూడా. 7వ క్లాసులోంచి వాటిని ఎలా విడదీయాలి?

---

రోడ్డుపక్క_టెంటు

మీ సార్ ఒప్పుకోవడం చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ.

షీట్లో వర్గాల పేర్లు అసలు పెట్టకు. కంటికి కనపడేవి మాత్రమే రాయించు: నేల మీదున్న యాక్సిళ్లు, ఎత్తిన యాక్సిళ్లు, మొత్తం టైర్లు, బాడీ రకం, లోడు నిండుగానా సగమా ఖాళీనా, ఏ వైపు, ఏ పావుగంటలో. ఎల్‌సీవీ అవునా కాదా అని రోడ్డు పక్కనున్న కుర్రాడు తేల్చక్కర్లేదు. ఆ పని నువ్వు ఆఫీసులో కూర్చుని చేసుకుంటావు. నాలుగు టైర్ల ఏస్, ఆరు టైర్ల డీసీఎం అప్పుడు వాటంతట అవే విడిపోతాయి. బాడీ రకంలో మాత్రం వాళ్ల నోట్లో ఆడే మాటలే ఉంచు: ఓపెన్ లారీ, టిప్పర్, బల్కర్, ట్యాంకర్, కంటైనర్, ట్రైలర్, ట్రాక్టర్ ట్రాలీ. వాళ్లకి తెలిసిన మాటైతే చేతికి వెంటనే వస్తుంది, తడుముకునే లోపు రెండు బండ్లు దాటిపోతాయి. బాబాయ్ గారు చెప్పిన కమాన్ కట్టల గుర్తు నేను కూడా నేర్పిస్తాను. మొదటిరోజు పొద్దున కుర్రాళ్లని దగ్గర్లోని కాటాకి తీసుకెళ్లు. నిండు బండినీ ఖాళీ బండినీ పక్కపక్కన చూసి, కాటా చీటీలో బరువు చదివితే తర్వాత కంటి అంచనా చాలా కుదురుతుంది.

బస్సులకి టోల్ డేటాలో దారి ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ సొంత బస్సుల సిరీస్ జెడ్‌తో మొదలవుతుంది, నంబర్లు మాస్క్ చేయకుండా ఇస్తే వాటిని వెంటనే ఏరేయొచ్చు. ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు అలా దొరకవు. వాటిలో ఇతర రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు కూడా చాలా ఉంటాయి. వాటికి గంటల వారీ షీట్ల నుంచి బస్సు, లారీ నిష్పత్తి తీసుకో. రాత్రి తొమ్మిది తర్వాత ఆ నిష్పత్తి పూర్తిగా మారిపోతుంది, రోజంతటికీ ఒకటే వాడకు.

యాక్సిల్ లోడు సర్వే కూడా చేయిస్తే నమూనా ఎంత అన్నది ఐఆర్‌సీ 37లోనే ఉంది: రోజుకు 3,000 వాణిజ్య వాహనాల లోపైతే 20 శాతం, 6,000 దాకా 15 శాతం, దాటితే 10 శాతం. ఆ 20 శాతాన్ని ఆపడానికి సులువైన ఆరు టైర్ల లారీలతో నింపేస్తుంటారు. అలా కాకుండా షీట్లో ఏ రకం ఎంతుందో ఆ పాళ్లలోనే ఆపమని చెప్పు, పోలీసు సాయం లేకుండా 16 టైర్ల బండిని ఆపడం కష్టం, ముందే రాసి పెట్టుకో.

రెండో వారం ఎప్పుడన్నది కూడా ఆలోచించు. వాహనాల లెక్కింపుకి ఉన్న ఐఆర్‌సీ 9 ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు లెక్కించాలి, అందులో ఒకటి పంట కోతలు, అమ్మకాల రోజుల్లో ఉండాలి. మొదటి షీట్లు ఏ నెలవో నువ్వు చెప్పలేదు. వరి కోతలు కాని రోజులవైతే రెండోది కోతల్లోనే పెట్టించు. ధాన్యం, బియ్యం లారీలు సిమెంటు లారీలకు ఎదురు వైపు నిండుగా పోతుంటే, ఇప్పుడు ఖాళీ అనుకుంటున్న విజయవాడ వైపు లైను లెక్క వేరేగా తేలుతుంది.